చుక్క లేని చోట నియమమేమిటో చెప్పండి

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో మామూలు సుడోకుతో పాటు, పక్కపక్క గడుల మధ్య తెల్ల, నల్ల చుక్కలుండే క్రోప్కి సుడోకును కూడా కొంతకాలంగా వేస్తున్నందుకు కృతజ్ఞతలు. (పోలిష్ భాషలో ఆ మాటకు చుక్కలనే అర్థం.) సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు కోసం కాచుకునే వేళ నాకు ఇంతకు మించిన కాలక్షేపం లేదు. అయితే దాని కింద మీరు ముద్రించే నియమాల్లో ఒక వాక్యం లోపించింది.

తెల్ల చుక్క ఉంటే ఆ రెండు గడుల్లో 4, 5 వంటి వరుస అంకెలు రావాలని, నల్ల చుక్క ఉంటే ఒక అంకె రెండోదానికి రెట్టింపు కావాలని రాస్తున్నారు. చుక్క లేని చోట ఆ సంబంధాలు ఉండనే కూడదా, లేక ఉన్నా కొన్ని చూపకుండా వదిలేశారా అన్నది మాత్రం రాయడం లేదు.

గడిచిన ఆదివారం నాకు చివరికి నాలుగు గడులు మిగిలాయి. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు, రెండు చిన్న చదరాలలో ఉన్న ఆ నాలుగింటిలో 5, 8 అంకెలను అటూ ఇటూ మార్చినా ఏ నియమమూ చెడలేదు. వాటిలో ఒక గడి పక్కన 6 ఉంది, మధ్య చుక్క లేదు. చుక్కలన్నీ చూపారనుకుంటే అక్కడ 5 కుదరదు, 5, 6 వరుస అంకెలు గనుక తెల్ల చుక్క ఉండి తీరాలి. కాబట్టి అది 8 అవుతుంది, మిగతా మూడూ వాటంతటవే తేలిపోతాయి. మర్నాడు మీరిచ్చిన జవాబూ అదే. అక్కడ 5 వేసిన మా మనవరాలు తనదే తప్పనుకుంది. మీరు ముద్రించిన నియమాల ప్రకారం ఆమె తప్పేమీ చేయలేదు.

ఈ వాక్యం చిన్నదేమీ కాదు. 1 నుంచి 9 వరకు అంకెలను రెండేసి చొప్పున కలిపితే 36 జతలు వస్తాయి. వాటిలో వరుస అంకెల జతలు 8, రెట్టింపు జతలు 4. 1, 2 జత రెండు లెక్కల్లోనూ ఉంది గనుక చుక్క కోరేవి మొత్తం 11. అందుచేత 4 పక్కన చుక్క లేదంటే 2, 3, 5, 8 ఒక్కసారిగా తొలగిపోయి, ఆ గడికి 1, 6, 7, 9 మాత్రమే మిగులుతాయి. 81 గడుల మధ్య ఉన్న 144 సరిహద్దుల్లో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటాయి కాబట్టి, చేయి తిరిగినవారు చుక్కల కంటే ఆ ఖాళీల మీదనే ఎక్కువ ఆధారపడతారు.

ఇంకొక సంగతి. మా ఊరికి వచ్చే ప్రతుల్లో సిరా అలుక్కుని తెల్ల చుక్కలు నల్లబడుతున్నాయి. 5, 7, 9 అంకెలకు ఈ పజిల్లో సగమూ లేదు, రెట్టింపూ లేదు. వాటి పక్కన నల్ల చుక్క కనబడితే అది సిరా నిండిన తెల్ల చుక్కేనని గ్రహించి సర్దుకుంటున్నాము. ఈ చిక్కు మాత్రం పజిల్ కూర్చినవారు పెట్టినది కాదు.

కావున “చూపవలసిన చుక్కలన్నీ చూపాము, 1, 2 అంకెల మధ్య ఏ రంగు చుక్కయినా ఉండవచ్చు” అన్న వాక్యాన్ని ప్రతి వారం పజిల్ కిందనే ముద్రించవలసిందిగా, ఏ వారమైనా అన్నీ చూపకపోతే ఆ మాటే రాయవలసిందిగా, తెల్ల చుక్కను కాస్త పెద్దదిగా వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
సఖినేటిపల్లి, కోనసీమ