'ఇష్టపూర్వకంగా' అని రాసి ఉండే కాగితం

సంపాదకులు గారికి,

నమస్కారం. పని గంటల మీద మీ పత్రికలో వస్తున్న వార్తలు, ఉత్తరాలు చదువుతున్నాను. ఫ్యాక్టరీల్లో రోజుకు తొమ్మిది గంటల పని పది అయితే కొంపలేం మునిగిపోవని ఒకరు, పెట్టుబడులు రావాలంటే తప్పదని ఇంకొకరు అంటున్నారు. ఓవర్‌టైమ్ (ఓటీ) ఎలాగూ కార్మికుడి అంగీకారంతోనే కదా, ఇక గొడవెందుకని మరొకాయన రాశారు. ఆ 'అంగీకారం' అన్న మాట చూశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో హాజరు, పని గంటల లెక్క చూసే టైమ్ ఆఫీసులో 31 ఏళ్లు పనిచేశాను. ఆ అంగీకారాలు తీసుకున్నవాణ్ని నేనే.

ఎలా తీసుకునేవాళ్లమో చెబుతాను. పొద్దుటి 'ఏ' షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. ఒంటిగంటన్నరకి సర్దార్ (మేస్త్రీ) వచ్చి, బి షిఫ్టుకి స్పిన్నింగ్‌లో ఆరుగురు తక్కువున్నారనేవాడు. నేను సొరుగు లాగి కాగితాలు తీసేవాణ్ని. 'నా ఇష్టపూర్వకంగా అదనపు పనికి ఒప్పుకుంటున్నాను' అని ముందే అచ్చువేసి ఉండేది. కింద పేరు, టోకెన్ నంబరు, సంతకం. సంతకం రానివాళ్లకి స్టాంపు ప్యాడ్. కనురెప్పల మీద నార నుసి పేరుకుపోయిన మనిషి కిటికీ దగ్గరికొచ్చి, మాటా పలుకూ లేకుండా బొటనవేలు చాపేవాడు. ఆ కాగితం చదివి సంతకం పెట్టినవాడు ఒక్కడూ నాకు గుర్తులేడు. బదిలీ వర్కరైతే, అంటే రానివాళ్ల బదులు ఏ రోజుకారోజు పిలిచే మనిషైతే, అసలు అడగక్కర్లేదు. ఇవాళ కాదంటే రేపు పొద్దున్న గేటు దగ్గర తన పేరు పిలవరని అతనికి తెలుసు. పని ఒత్తిడి ఎక్కువున్న నెలల్లో వేలిముద్రలు ముందే వేయించి పెట్టుకుని, తేదీలు తర్వాత నేనే నింపేవాణ్ని. తప్పే. అప్పట్లో అది తప్పని తోచకపోవడమే ఇప్పుడు నా బాధ.

డబుల్ రేటు వస్తుందని సంతోషంగా ఆగినవాళ్లు లేకపోలేదు. ఇంట్లో పెళ్లి ఉన్నవాళ్లు ఓటీ ఇప్పించమని బతిమాలేవాళ్లు కూడా. అది ఇష్టమో అవసరమో నేను తేల్చలేను.

ఇక ఇప్పటి లెక్కకి వద్దాం. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. 5 గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామాన్ని 6 గంటలకి జరిపింది. అందరూ ఆ పదో గంట గురించే మాట్లాడారు. టైమ్ ఆఫీసువాడి కన్ను మాత్రం పక్కనున్న అంకె మీద పడుతుంది. మూడు నెలలకి 75 గంటలుండే ఓటీ పరిమితి 144కి పెరిగింది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకిచ్చిన ఉత్తర్వులోనూ ఇదే వరస: రోజుకు 10 గంటలు, వారానికి 48, ఆ పైన ఓటీ, మూడు నెలలకి 144 వరకు.

వారానికి 48 దాటడం లేదు కదా అని సర్కారువారి జవాబు. ఓటీ కూడా పనే కదండీ. మూడు నెలలంటే 13 వారాలు. 144ని 13తో భాగిస్తే వారానికి 11 గంటల పైచిలుకు వస్తుంది. 48కి కలిపితే 59. పాత 75 గంటల లెక్కన వేస్తే 54 లోపే ఉండేది. ఈ తేడా ఎందుకు పట్టుకుంటున్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం విడుదల చేశాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి 35-40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. పాత పరిమితి ఆ 55కి ఇవతల ఆగింది, కొత్తది దాటేసింది. ఇందులో కంపెనీ బస్సు కోసం నిలబడే టైమూ, ట్రాఫిక్కూ లేవు.

వారానికి 70 గంటలు చేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్నారు. ఎల్ అండ్ టీ చైర్మన్ గారు 2025 మొదట్లో దాన్ని 90కి పెంచారు. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. ఆ వార్త మా ఇంటావిడకి చదివి వినిపించాను. "సి షిఫ్టు చేసొచ్చి పగలంతా ముసుగుతన్ని పడుకునేవారు, నా మొహం మీరెప్పుడు చూశారు గనక" అంది. 'క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు' అని మనవాళ్లు ఎగతాళికి అన్నారు. తీరిక లేకపోవడాన్ని గొప్పగా చెప్పుకోవడం ఈమధ్య మొదలైంది.

తీరిక ఉంటే జనం ఏం చేస్తారంటారా? మా మిల్లు బ్యాచింగ్ విభాగంలో ఒకతను తప్పెటగుళ్ల జట్టు నడిపేవాడు. 'ఏ' షిఫ్టు వారం వచ్చిందంటే సాయంత్రం అయిదింటికల్లా పధ్నాలుగు మంది గుండెకి తప్పెటలు, కాళ్లకి గజ్జెలు కట్టుకుని మర్రిచెట్టు కిందకి చేరేవాళ్లు. పొద్దున్న మిల్లులో నడుం పట్టేసిందన్నవాడే అక్కడ ఒకరి భుజాల మీద ఒకడు ఎక్కి ఆడేవాడు. ఆర్డర్లు పెరిగి ఓటీలు మొదలయ్యాక పధ్నాలుగు మంది ఎనిమిదయ్యారు. ఒకరోజు నలుగురే వచ్చారు. ఆ తర్వాత నాయకుడు కూడా వచ్చి వేలిముద్ర వేశాడు. నేనే వేయించుకున్నాను. ఆ జట్టు మళ్లీ కట్టలేదు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తుంది. ఏసీ, మంచి జీతం, నుసి లేదు. వేలిముద్ర కాగితం కూడా లేదు, ఎందుకంటే ఎన్ని గంటలు చేసిందో రాసే రిజిస్టరే లేదు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా వాళ్లతో కాల్. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు భోగి మంట దగ్గర కూడా చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. ఆరేళ్ల మనవడు తల్లిని ఏదైనా అడగాలంటే ముందు "అమ్మా, మ్యూట్‌లో ఉన్నావా?" అంటాడు. అవునని ఆవిడ తలూపితేనే అసలు మాట మొదలుపెడతాడు. వాడికి అది మర్యాద.

పని వేళ దాటాక ఆఫీసు ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి ఉంది. మన లోక్‌సభలో అలాంటిది 2018లో ప్రైవేటు బిల్లుగా (మంత్రి కాని సభ్యులు పెట్టేది) వచ్చింది, చట్టం కాలేదు.

పరిశ్రమలు రావద్దని నేననను. మిల్లు మూతపడితే ఊరు ఎలా ఉంటుందో మా వైపువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఓటీకి కార్మికుడి అంగీకారం ఉండాలని 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లలోనూ (కేంద్రం కొత్త కార్మిక చట్టాలు) రాశారు. ఆ మాటకి విలువ ఉండాలంటే ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ కొన్ని పనులు చేయాలి. ఉద్యోగంలో చేరిన రోజునే అపాయింట్‌మెంట్ కాగితాల్లో కలిపి ఓటీ సంతకం పెట్టించుకోవడం చెల్లదని రూల్స్‌లో రాయాలి. ఓటీ చేసే రోజునే, కార్మికుడే తేదీ వేసి సంతకం చేయాలి. కాదన్నవాడికి ఆ తర్వాత నెలరోజులు డ్యూటీలు తగ్గాయా లేదా అన్నది తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్‌లో చూడాలి. చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది, ఎక్కడ చూడాలో కావాలంటే నేను చూపిస్తాను. ఆఫీసుల్లో లాగౌట్ టైముతో పాటు రాత్రి కాల్స్ కూడా పని గంటల్లోకి రావాలి.

ఆ కాగితంలో 'ఒప్పుకోవడం లేదు' అని టిక్కు పెట్టడానికి ఒక గడి కూడా అచ్చువేయించండి. మా సొరుగులో ఉన్నవాటికి అది లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టైమ్‌కీపర్,
విజయనగరం జిల్లా