ముందు జీతాలు, తరువాతే మిగతావి

సంపాదకులకు నమస్కారం.

కృత్రిమ మేధ కారణంగా ఐటీ సంస్థలు ఉద్యోగులను తగ్గించుకుంటున్నాయన్న వార్తలు చదివినప్పుడల్లా నాకు 2009 జనవరి గుర్తుకు వస్తుంది. ఆ నెల 7న హైదరాబాద్ ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు, ఖాతాల్లో లేని 5 వేల కోట్లకు పైగా నగదును ఉన్నట్లు చూపామని లేఖ రాసి అంగీకరించారు. నేనప్పుడు హైదరాబాద్‌లోని ఒక బ్యాంకు శాఖలో గృహరుణాలు చూసేవాణ్ణి. నా దగ్గరికి వచ్చిన ఆ సంస్థ యువ ఇంజనీర్లందరిదీ ఒకటే ఆందోళన: ఈ నెల జీతం పడుతుందా, పడకపోతే వాయిదాకు గడువు ఇస్తారా?

కేంద్ర ప్రభుత్వం సత్యం పాత డైరెక్టర్ల బోర్డును తొలగించి, జనవరి 11న బ్యాంకింగ్ నిపుణుడు దీపక్ పారేఖ్, ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్ మాజీ అధిపతి కిరణ్ కార్నిక్, న్యాయ నిపుణుడు సి. అచ్యుతన్‌లను, కొద్ది రోజులకే మరో ముగ్గురిని నియమించింది. లెక్కలు తేలేదాకా ఆగకుండా వారు ముందు జీతాల సంగతి, క్లయింట్ల సంగతి చూశారు. బ్యాంకుల నుంచి 600 కోట్ల రూపాయల రుణం సమకూర్చారు. పద్దులే నమ్మడానికి వీల్లేని సంస్థకు అప్పు పుట్టించడం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవారికి బాగా తెలుసు. బయటి నుంచి పేరున్న వ్యక్తిని తీసుకురాకుండా, ఏళ్ల తరబడి ఆ సంస్థలోనే పనిచేసిన ఎ.ఎస్. మూర్తిని సీఈఓగా ఎంచుకున్నారు. ఈ నిర్ణయానికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం. ఏ ప్రాజెక్టు ఎవరి చేతిలో ఉందో, ఏ క్లయింటు దేనికి బెదురుతున్నాడో లోపలివారికే తెలుస్తుంది. వంద రోజులు నిండకముందే, ఏప్రిల్ 13న, బహిరంగ బిడ్డింగులో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల ధరతో ఆ సంస్థను గెలుచుకుంది.

తరువాత కొత్త యాజమాన్యం వేలమందిని పనిలేని జాబితాలో చేర్చి జీతం తగ్గించింది. అది బాధాకరమే. అయినా ఉద్యోగికి తన పరిస్థితి ఏమిటో తెలిసింది. నిరుడు మా అన్నగారి అబ్బాయికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు. ఒక ఉదయం కంప్యూటరు తెరుచుకోకపోయేసరికి తన ఉద్యోగం పోయిందని అర్థమైంది.

ఏ పనులను యంత్రాలకు అప్పగించబోతున్నారో యాజమాన్యాలు కనీసం ఆరు నెలల ముందు ఉద్యోగులకు రాతపూర్వకంగా చెప్పాలి, ఆ వ్యవధిలో జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. ఈ రెండింటినీ పరిశ్రమ సంఘాలు తమ సభ్య సంస్థలతో అమలు చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్