ఫిల్ములో ఏమీ కనబడలేదట

శ్రీకాకుళం,
బుధవారం రాత్రి

చి. వాసంతికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమని ఫోను చెబుతూనే ఉంది. ఐదు వారాలుగా రోజూ ఒకటే మాట: "బాగున్నానమ్మా, పని ఎక్కువ." మొదటి వారం నమ్మాను. రెండో వారం మీ నాన్నగారు నమ్మమన్నారు కాబట్టి నమ్మాను. ఆ తరవాత కాగితం తీశాను. కాగితం మీద రాస్తే నువ్వు మధ్యలో "ఉంటానమ్మా" అని పెట్టెయ్యలేవు కదా.

విశేషాలు చాలా ఉన్నాయి. ఈసారి కాయకు పీచు బాగుంది, పులుపూ బాగుంది. ఆవకాయ కలిపాను. దివాకరం మాస్టారి అల్లుడు పదో తేదీన లండన్ వెళుతున్నాడు, అతని చేతికి రెండు కిలోల డబ్బా, ఈ ఉత్తరం ఇస్తున్నాను. మూతకు గుడ్డ బిగించి మూడు కవర్లలో పెట్టాను. నూనె పైకి తేలి ఉండాలి, లేకపోతే బూజు పడుతుంది. తడి గరిటె పెట్టకు. పోయినసారి పెట్టావు. పెరట్లో కరివేపాకు మళ్ళీ చిగురించింది. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది, ఆయన నోరే అదుపులో లేదు. మొన్న సరోజ పిన్ని వచ్చింది.

సరోజ ఊరికే రాదని నీకు తెలుసు. వాళ్ళబ్బాయి కిశోర్ సెలవుల్లో నీ ఎంఆర్‌ఐ స్కాన్ ల్యాబు చూడటానికి వచ్చాడట. కంప్యూటర్ తెర మీద ఏదో బొమ్మ, దాని పక్కన నీ పేరు చూశాడట. "అక్కకు స్కాన్ తీశారు" అని వాళ్ళమ్మతో అన్నాడు. ఆ మాట పిన్ని దగ్గర నానబెట్టి, రుబ్బి, మన గుమ్మం చేరేసరికి "వాసంతికి ఏదో ఉందట, ఇంట్లో చెప్పడం లేదట" అయింది. నేను నవ్వేసి కాఫీ ఇచ్చాను. భయపడలేదు. కాఫీలో చక్కెర వేయడం మరిచిపోయానని తరవాత తెలిసింది.

లెక్కల టీచరుగా ముప్పై రెండేళ్ళు చేసినదాన్ని, ఇచ్చిన దత్తాంశం ఏమిటో ముందు చూస్తాను. తెర మీద పేరు ఉంది, సరే. అది స్కాన్ తీసినవాళ్ళ పేరా, తీయించుకున్నవాళ్ళ పేరా? కిశోర్‌కు తెలియదు. సరోజకు అసలే తెలియదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళు తమ యంత్రంలో తామే దూరడం మొదటి నుంచీ ఉన్నదేనని నువ్వు చెప్పినవే గుర్తుచేసుకున్నాను. 1978లో నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్, ప్రమాదం ఉండొచ్చని ముందే హెచ్చరిక వచ్చినా, మనిషి మొత్తం పట్టే యంత్రంలోకి తానే ముందు వెళ్ళాడన్నావు. పాతికేళ్ళకు, 2003లో, ఆయనకు నోబెల్ వచ్చింది. అంతకుముందు అమెరికాలో డమాడియన్ తన యంత్రంలో తాను కూర్చుంటే సంకేతమే అందలేదు, మనిషి భారీ కావడమే కారణమనుకున్నారు. చివరికి 1977 జులై 3న సన్నగా ఉన్న విద్యార్థి లారీ మింకాఫ్‌ను కూర్చోబెడితే దాదాపు ఐదు గంటలకు అతని ఛాతీ బొమ్మ ఒకటి వచ్చింది. ఈ కథ నువ్వు చెప్పినప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే, బక్కపలచగా ఉన్నవాళ్ళనే లోపలికి పంపుతారన్నమాట. అందుకైనా నువ్వు కాస్త ఒళ్ళు చెయ్యాలి. పొద్దున ఏం తింటున్నావు? కాఫీ తినేది కాదు.

నా భుజం బాగానే ఉంది. నల్లబల్ల మీద చెయ్యెత్తి రాసి రాసి తెచ్చుకున్న నొప్పి, ఎక్కడికి పోతుంది. పోయినేడు విశాఖలో స్కాన్‌కు వెళ్ళినప్పటి సంగతి నీకు సగమే చెప్పాను. లోహం ఉన్నవన్నీ తీసేయమన్నారు. గాజులు తీశాను, మట్టెలు తీశాను. సూత్రాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: "బంగారం కన్నా మీరు దానికి తగిలించుకున్న పిన్నీసులతోనే భయం అమ్మా, ఇనుమును అయస్కాంతం లాగేస్తుంది." లెక్కపెడితే నాలుగు పిన్నీసులు! నాన్నగారు బయటికి పరుగెత్తి పసుపుతాడు, పసుపుకొమ్ము తెచ్చారు. అది మెడలో కట్టుకుని ఆ సొరంగంలో పడుకుంటే, నెత్తిమీద రేకులషెడ్డు కొడుతున్నట్టు అరగంట మోత. కదలొద్దన్నారు. కదలకుండా పదిహేడో ఎక్కం వెనక నుంచి చదువుకున్నాను.

రిపోర్టు నీకు పంపితే నువ్వు రాసిన జవాబు ఇప్పటికీ దాచాను. ఎముకకు కండరాన్ని కట్టి ఉంచే టెండాన్ (మనకు అన్నీ నరాలే అనుకో) మామూలుగా స్కాన్‌లో నల్లగా ఉంటుందన్నావు. అక్కడ ఏమీ లేక కాదు, అందులోని నీటి సంకేతం సెకనులో కొన్ని వేలవంతుల్లోనే చచ్చిపోతుంది, యంత్రం చెవి పెట్టేలోపే అయిపోతుంది. కానీ ఆ పోగులు అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల వాలులో ఉంటే సంకేతం ఇంకాసేపు నిలుస్తుంది, నల్లనిది వెలుగుతుంది. దాన్ని మీరు మ్యాజిక్ కోణం అంటారట. డాక్టరు చూసి జబ్బనుకోవచ్చు. నా భుజంలో వెలిగిన ముక్క అలాంటిదే కావచ్చని, ఇంకో పద్ధతిలో ఆలస్యంగా విన్న బొమ్మలో కూడా వెలిగితేనే నమ్మాలని రాశావు. ఆ బొమ్మలో అది లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నొప్పితో కాదు. మూడింతల కాస్ స్క్వేర్ తీటా ఒకటికి సమానమైతే తీటా 54.7. ఈ సంఖ్య నాకెక్కడో తెలుసు! లేచి నీ అలమరలోంచి రూబిక్ క్యూబ్ తీశాను. ఘనంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీసిన కర్ణం అంచుతో చేసే కోణం కూడా అదే. వేల పిల్లల చేత ఆ ఘనం గీయించాను, నా భుజంలోనే అది ఉందని ఎవరూ చెప్పలేదు. నాన్నగారిని లేపి చెబితే "అరసవల్లి స్వామికి కూడా కోణం కుదిరితేనే కదా, మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు పాదాల మీద పడేది, పడుకో" అన్నారు. ఆయన అప్పుడప్పుడు తెలివైన మాటే అంటారు.

మరి జనవరిలో మోకాళ్ళ స్కాన్ పని వదిలేసి రొమ్ము క్యాన్సర్ గుర్తించే జట్టులోకి ఎందుకు మారావు? మేక కాళ్ళను స్కాన్ చేస్తున్నామని నువ్వు చెప్పిన రోజు, స్కాన్ అయ్యాక కాళ్ళ సూపు పెట్టుకోమని నాన్నగారు ఎంత నవ్వారు! ఆ పని నీకు ఇష్టంగానే ఉండేది. ఎందుకమ్మా అని అడిగితే "ఊరికే" అన్నావు. మూడేళ్ళు చేసిన పని ఎవరూ ఊరికే వదలరు. నేను అడగడం లేదు. గుర్తుచేస్తున్నాను.

మీ తాతయ్య కాలి సంగతి నువ్వు కుంటినడకతోనే చూశావు, మొదలు చూడలేదు. 1979, కోతల ముందు. గట్టు మీంచి దూకారు, మడమ వెనక 'టప్'మంది. ఎవరో రాయి విసిరారనుకుని వెనక్కి తిరిగి పాలేరు అప్పన్నను పట్టుకుని తిట్టారు. అప్పన్న పది గజాల దూరంలో గడ్డిమోపుతో ఉన్నాడు. టౌన్లో ఎక్స్‌రే తీశారు. అక్కడి డాక్టరు ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి "ఇందులో ఏమీ లేదు, ఎముక నిక్షేపంగా ఉంది, బెణుకు" అన్నాడు. నెల గడిచినా పాదం నేలకు తన్నడం రాలేదు. అప్పుడు మా మేనత్త పుత్తూరు కట్టు మాట ఎత్తింది. విరిగిన ఎముకలకు ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో కట్టే ఊరు. మీ అమ్మమ్మకు ఇందులో తిరుపతి కనబడింది: ఎలాగూ ఆ దారే కదా, స్వామి దర్శనమూ అవుతుంది. రెండు రోజులకు పులిహోర, ఒక మరచెంబు, నేను, తాతయ్య, ఎక్స్‌రే ఫిల్ము. తొమ్మిదో తరగతి దాన్ని, ఆ ఫిల్ము మడత పడకుండా పట్టుకోవడమే నా ఉద్యోగం. రైల్లో అందరూ అడిగి చూశారు. ఒకాయన తలకిందులుగా పట్టుకుని కూడా ఏమీ లేదన్నాడు.

పుత్తూరులో మా వంతు వచ్చాక ఆ పెద్దాయన ఫిల్ము అడగలేదు. తాతయ్యను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు బయటికి వేలాడనిచ్చి, మంచి కాలి పిక్కను నొక్కాడు. పాదం కదిలింది. రెండో పిక్కను నొక్కాడు. పాదం చలించలేదు. నా చెయ్యి తీసుకుని మడమ పైన ఒకచోట పెట్టాడు. నా వేలు గుంటలోకి దిగింది. "ఎముకైతే నేను కడతాను. ఇది తెగిపోయింది తల్లీ, పెద్దాసుపత్రిలో కుట్టాలి" అన్నాడు. డబ్బు కూడా తీసుకోలేదు. తాతయ్య పెద్దాసుపత్రికి వెళ్ళారా? కోతలు వచ్చాయి, తరవాత నూర్పులు వచ్చాయి. మునివేళ్ళ మీద లేచి అటక మీది జాడీ అందుకోవడం ఆయనకు మళ్ళీ రాలేదు. తరవాతి ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం వస్తే ఆ ఫిల్ములోంచే నేనూ మా చెల్లెలు రమా దొంగతనంగా చూశాం. అలా చూడకూడదని అప్పుడు తెలియదు, నువ్వు ఎప్పుడూ చెయ్యకు. తాతయ్య మడమ వెనక సూర్యుడు కొరికిన అప్పడంలా ఉన్నాడు. ఎక్స్‌రేకు నరాలు కనబడవని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.

రమ ఫిల్ములోనూ ఏమీ లేదనే రాశారు. నువ్వప్పుడు ఇంటర్. అది తనే తడుముకుని గడ్డ ఉందంటే, మామోగ్రాం (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) బాగుందన్నారు. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుందని, దట్టమైనదీ తెలుపే, గడ్డా తెలుపేనని నువ్వు మొన్న సంక్రాంతికి విడమరిచి చెప్పావు. మబ్బు పట్టిన రోజు తేలినీలాపురంలో తెల్లకొంగను వెతికినట్టన్నమాట. ఎంఆర్‌ఐలో, రంగుమందు ఎక్కిస్తే, గడ్డ వేరుగా వెలిగి కనబడేదన్నావు. అలా చెబుతున్నప్పుడు నువ్వు నా వైపు చూడలేదు, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నావు. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

యంత్రాలు వచ్చాయని చేతిని మరవొద్దు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద ఇరవై ఏళ్ళు చూసి 2021లో ప్రచురించారు కదా. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షిస్తేనే, యాభై దాటినవాళ్ళలో ఆ క్యాన్సర్ చావులు ముప్పై శాతం దాకా తగ్గాయి. మన నాయనమ్మ నోట్లో నిప్పు పెట్టుకుని అడ్డచుట్ట కాల్చినన్నాళ్ళు, ఒక్కరైనా టార్చిలైటు వేసి అంగిలి చూశారా? నువ్వు చదువుకున్నావు, నీకు చెప్పాలా అంటావు. చెప్పాలి. చదువుకున్నవాళ్ళే పక్కవాళ్ళ ఫిల్ములు చూస్తూ తమ సంగతి వాయిదా వేస్తారు. ఉపన్యాసం ఇవ్వనని నాన్నగారికి మాటిచ్చాను, ఇంతటితో ఆపుతాను.

ఇప్పుడు లెక్క చూడు. వంశంలో ముప్పు ఎక్కువని తేలిన ఆడవాళ్ళకు అక్కడ ముప్పై ఏళ్ళ నుంచే ఏటా ఎంఆర్‌ఐ తీస్తారని చెప్పిందీ నువ్వే. నీకు నవంబరులో ముప్పై ఒకటి నిండాయి. మన వంశంలో ఆ జబ్బు వచ్చినవాళ్ళలో రమ ఉంది, పుత్తూరు పంపిన మా మేనత్త ఉంది. కనుక తెర మీది బొమ్మ మూడు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, బొమ్మ ఎవరిదో, తీసింది నువ్వు. రెండు, యంత్రం సరిచూడటానికి నువ్వే పడుకున్నావు. మూడు, పరీక్ష కోసమే వెళ్ళావు, ఏదో ఒకటి వెలిగింది, ఇంకో పద్ధతిలో తీసిన బొమ్మ కోసం ఎదురుచూస్తున్నావు. వెలిగిందల్లా జబ్బు కాదని నా భుజం గురించి నువ్వు రాసిన మాట పట్టుకుని రెండు రాత్రులు నిద్రపోయాను. మూడో రాత్రి ఈ ఉత్తరం.

ఒకటా, రెండా, మూడా, అంకె పంపితే చాలు. "బాగున్నానమ్మా" అని మాత్రం పంపకు. నా పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్ళు గడువుంది, నిన్న బీరువాలో చూశాను, ఊరికే.

దివాకరం మాస్టారి అల్లుడికి స్టేషను దగ్గరికి వెళ్ళి ఎదురుపడు, డబ్బా బరువు. రాత్రి పూట చలిలో తల ఆరబెట్టుకోకుండా తిరగకు. నాన్నగారు నీకు వేరే రాస్తానంటున్నారు కానీ రాయరు. ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఆయన అరసవల్లిలో ఉంటారు. మీకప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. ఫోను నా పక్కనే పెట్టుకుంటాను.

అమ్మ