తప్పు ఎక్కడుందో చెప్పే పనిముట్టు కావాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్తగా కోడింగ్ నేర్చుకునేవాళ్ల కోసం మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. నేను ప్రూఫ్ రీడర్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఆ తర్వాత తీరిక దొరికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. అందుకే మిగతా పేజీ కన్నా ముందు అందులోని నమూనా ప్రోగ్రాం మీద కన్ను పడింది. దాన్ని అచ్చయినట్టే టైపు చేస్తే నడవదు. ‘ఇలా అయితే’ అని షరతు పెట్టే ‘ఇఫ్’ కింద కాస్త లోపలికి జరిగి మొదలవ్వాల్సిన లైను ఎడమ అంచుకు అతుక్కుపోయింది. నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తులు వంపు తిరిగాయి. మామూలు వ్యాసంలో వంపు గుర్తులే అందం, అదనపు ఖాళీలు తీసేయడమే పద్ధతి. పైథాన్‌లో మాత్రం లైను ముందున్న ఖాళీ వ్యాకరణంలో భాగం. ఇకమీదట కోడ్ వేసేటప్పుడు అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పుండే ఫాంట్ వాడమనీ, కొటేషన్లను తనంతట తాను మార్చే సెట్టింగ్ ఆపేయమనీ పేజీ పెట్టేవారికి చెప్పండి. ఆ సంగతి అంతే.

ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే. ఆ ప్రోగ్రాంను నమ్మి టైపు చేసిన పాఠకుడికి తెర మీద ఏం కనిపించి ఉంటుంది? అది అతను వాడే పనిముట్టును బట్టి ఉంటుంది. మీ వ్యాసం యాప్‌లను రంగులు చూసి, బ్యాడ్జీలు చూసి, ఎన్ని రోజులు వరసగా వచ్చారో లెక్క చూపించే పద్ధతి చూసి మెచ్చుకుంది. తప్పు జరిగితే అవి ఏమంటాయన్న మాటే ఎత్తలేదు. కొత్తవాళ్ల సమయంలో చాలా భాగం రాసింది ఎందుకు నడవలేదో వెతకడంలోనే పోతుంది. ఆ సమయంలో పనికిరానిది ఎంత ముచ్చటగా ఉన్నా ఏం లాభం?

పైథాన్‌నే తీసుకోండి. 2021లో 3.10 వెర్షన్ వచ్చేదాకా, ఎక్కడైనా బ్రాకెట్ మూయకపోతే అది తరచూ ఆ కింది లైనును పట్టుకుని ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’, అంటే వ్యాకరణం తప్పు, అనేది. ఏ పాపం ఎరగని లైనును ఎంతసేపు చూసినా ఏం దొరుకుతుంది? ఇప్పుడైతే తెరిచిన బ్రాకెట్‌నే చూపించి, దీన్ని మూయనే లేదంటుంది. ఒక పేరును రెండోసారి వేరే స్పెల్లింగ్‌తో రాస్తే, మీ ఉద్దేశం ఫలానా పేరా అని అడుగుతుంది. 2022లో వచ్చిన 3.11 నుంచి, ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఆగిపోతే, లైనులో ఏ ముక్క దగ్గర ఆగిందో దాని కింద గుర్తులు పెట్టి మరీ చూపిస్తోంది. ప్రూఫులో తప్పు పడిన అక్షరాన్నే చుట్టి చూపించడానికీ, ‘ఈ పేజీలో ఎక్కడో తప్పుంది’ అని రాసి పంపడానికీ ఉన్నంత తేడా ఇది. మీ వంపు కొటేషన్ విషయంలో కూడా కొత్త వెర్షన్లు ఆ గుర్తునూ, దాని యూనికోడ్ సంఖ్య (కంప్యూటర్లో ప్రతి గుర్తుకూ ఉండే నంబరు) యు+201సినీ ఎత్తి చూపుతాయి. కాబట్టి కొత్తవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా, ఏ యాప్ వాడినా లోపల ఉన్న పైథాన్ ఏ వెర్షనో చూసుకోమని.

రెండో సలహా థోనీ. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మీ పేజీలో దీని పేరు లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. దీన్ని దించుకుంటే పైథాన్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది, వేరే ఇన్‌స్టాల్ గొడవ లేదు. పైన ప్రోగ్రాం, కింద జవాబు, పక్కన కావాలంటే ఏ పేరులో ఇప్పుడు ఏ విలువ ఉందో చూపే చిన్న పట్టిక. తప్పు వెతకడానికి ఉన్న డీబగ్ బటన్ నొక్కితే ప్రోగ్రాం ఒక్కో అడుగే కదులుతుంది. ఒక లెక్క ఉంటే అందులో ముందు ఏ భాగం పూర్తయిందో, అక్కడ ఏ విలువ వచ్చి కూర్చుందో కళ్లముందే కనిపిస్తుంది. 

నేను రాసుకున్న మొదటి పనికొచ్చే ప్రోగ్రాం, వ్యాసంలో ఒకే మాట పక్కపక్కన రెండుసార్లు పడితే పట్టుకునేది. ‘అని అని’ లాంటివి ఎంత జాగ్రత్తగా చదివినా కంటికి జారిపోతాయి. ఖాళీల దగ్గర మాటలు విడగొట్టడం, ప్రతి మాటనూ పక్క మాటతో పోల్చడం, అంతే. చివరి మాటకు పక్కన మాట ఉండదు కదా, అక్కడే ప్రోగ్రాం ఎర్రర్ చూపించి ఆగిపోయేది. థోనీలో అడుగడుగునా నడిపిస్తే లెక్క మాటల జాబితా చివర దాటిపోయే క్షణం కనిపిస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. (అది ‘చిన్న చిన్న’, ‘మెల్లగా మెల్లగా’ లాంటి వాటిని కూడా తప్పని పట్టుకుంటుంది. ఆమ్రేడితం సంగతి కంప్యూటర్‌కు ఏం తెలుసు!)

పిల్లల కోసం మీరు స్క్రాచ్ చెప్పారు, సరైన మాటే. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన ఈ పనిముట్టులో టైపింగ్ దాదాపు ఉండదు, ఆదేశాలున్న ముక్కలను అతికించుకుంటూ పోవడమే. ఒకదానికొకటి సరిపోని ముక్కలు అతుక్కోవు కాబట్టి వ్యాకరణ దోషానికి తావే లేదు. కానీ దోషం అక్కడితో అయిపోతుందనుకోకండి. 1967లో వచ్చిన లోగో భాషలో, చెప్పినట్టు కదులుతూ గీతలు గీసే తాబేలు నుంచి నేటి పైథాన్ టర్టిల్ దాకా అందరికీ ఎదురయ్యే ఉదాహరణ త్రిభుజం. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని బడిలో చదివాం కాబట్టి 60 తిరగమంటాం. గీసి చూస్తే త్రిభుజం మూసుకోదు, షడ్భుజిలో సగం వస్తుంది. తాబేలు తిరగాల్సింది బయటి కోణం, అంటే 120. ఇక్కడ ఏ ఎర్రర్ సందేశమూ రాదు, బొమ్మే చెప్పాలి. లేచి ఆ దారిలో నడిచి చూస్తే ఎంత తిరగాలో ఒంటికే తెలుస్తుంది. ఇలాంటి తప్పును తెర మీద చూపించగలగడం స్క్రాచ్, టర్టిల్ రెండింటిలోనూ ఉన్న గొప్పతనం. పెద్దవాళ్లు స్క్రాచ్‌లోని పిల్లి బొమ్మ చూసి మొహమాటపడితే టర్టిల్‌తో మొదలుపెట్టొచ్చు. అది పైథాన్‌లోనే ఉంటుంది.

మన భాష వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ‘ధర’, ‘వయసు’ అని రాస్తే హాయిగా తీసుకుంటుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని పేరు పెడితే మాత్రం ఒప్పుకోదు, ఎందుకంటే ట్ పక్కన వే విడిగా కనిపించడానికి మనం కంటికి కనబడని ఒక గుర్తు వేస్తాం. దాని సంఖ్య యు+200సి. కొత్త పైథాన్ ఆ సంఖ్య చెబుతుంది కాబట్టి బతికిపోతాం. ఇక ‘తెలుగు’లో అక్షరాలెన్ని అని అడిగితే ఆరు అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. తిరగేయమంటే ముందు ఒంటరిగా ఒక కొమ్ము, తర్వాత ‘గులెత’ వస్తాయి. దీనికీ ఎర్రర్ రాదు. ఇంగ్లిష్ పాఠాలు పట్టుకుని నేర్చుకునేవాళ్లు తమకే ఏదో తెలియలేదనుకుని టెన్షన్ పడతారు. ఆదేశాలనే సొంత భాషల్లో రాయనిచ్చే హెడీ లాంటివి ఉన్నాయి. 2020లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఆ భాషలో వ్యాకరణం మెట్టుమెట్టుగా వస్తుంది, తొలి మెట్లలో కొటేషన్లే అక్కర్లేదు. మొదటి భయం పోవడానికి అది చాలు.

ఏఐని అడిగితే సరిపోతుంది కదా అంటారు. అడగండి, కానీ సరిచేసిన ప్రోగ్రాం ఇవ్వమనకండి, ఎర్రర్ సందేశానికి అర్థం చెప్పమనండి.

పత్రికగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి పేజీ వేస్తే సరైన ప్రోగ్రాంతో పాటు చెడిన ప్రోగ్రాం కూడా వేసి, వచ్చే సందేశాన్ని తెలుగులో విప్పి చెప్పండి. ఉదాహరణకు వయసు అడిగి, దానికి ఒకటి కలపమంటే పైథాన్ ‘టైప్ ఎర్రర్’ అంటుంది. కీబోర్డు నుంచి వచ్చింది 30 అయినా దానికి అది అంకె కాదు, వట్టి రాత. ‘ఇంట్’ అనే ఆదేశంతో ముందు అంకెగా మార్చుకోవాలి. ఈ ఒక్క వివరణ దొరక్క మానేసినవాళ్లు నాకు తెలుసు. పేజీలో చోటు చాలకపోతే బ్యాడ్జీల బొమ్మ తీసేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్