శీనుకు, గ్లాస్గో నుంచి

శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, తప్పు నాదే. నైట్ డ్యూటీలు తెంపు లేకుంట పడ్డయ్. పానం మంచిగుంది. అమ్మ పంపిన సకినాలు ఒడిసినయ్. ఇగ అసలు ముచ్చట చెప్పనీ, కడుపుల ఆగుతలేదు.

మా పై వాటాల ఉండే కాకా ఎర్కేనా, వీడియో కాల్‌ల నీకు చెయ్యి ఊపిండు? ఇరాక్ కుర్దు మనిషి. వాళ్ల భాషల కాకా అంటే అన్న అంట. ఆశ్రయం కోసం పెట్టుకున్న దరఖాస్తు కొట్టేసిన్రు. దరఖాస్తు నడిచినన్ని దినాలు ఉండడానికి ఇల్లు, వారానికి 49 పౌండ్ల చిల్లర ఇచ్చిన్రు, పని మాత్రం చేయనియ్యలే. ఇప్పుడు రెండు వారాలకొకసారి ఇమిగ్రేషన్ ఆఫీసుకు పోయి సంతకం పెట్టి రావాలె. సంతకానికని లోపలికి పోయినోళ్లను కొన్నిసార్లు అట్లనే పట్టుకొని నిర్బంధ కేంద్రానికి పంపుతరు. మంగళవారం "తోడొస్తవా" అన్నడు. పోయిన.

శీనూ, ఆయన చేతుల ఒక ప్లాస్టిక్ సంచి. బీపీ గోళీలు, రెండు జతల సాక్సులు, పాత బటన్ల ఫోను. పట్టుకుంటే, నిర్బంధ కేంద్రంల కెమెరా ఉన్న ఫోను ఉంచనియ్యరంట. ఎడమ చేతి మీద లాయర్ నంబరు పెన్నుతోని రాసుకున్నడు. ముసురుకు చివరి రెండు అంకెలు చెదిరినయ్. నా అంగీతోని తుడిచి మళ్ల రాసిన. చెయ్యి మంచులెక్కుంది. ఇంటి తాళంచెవి నా గుప్పిట్ల పెట్టి "రెండున్నర దాక రాకుంటె లాయర్‌కు ఫోన్ కొట్టు" అని లోపలికి పోయిండు.

రెండైంది. రెండుంబావు అయింది. తాళంచెవి నా చేతుల వేడెక్కింది. రెండూ ఇరవయ్యారుకు తలుపు తెరుచుకుంది. "చాయ్ తాగుదాం" అన్నడు, అంతే. బస్సుల ఇల్లు చేరేదాక మాట్లాడలే. సంచి ఒళ్లోంచి దించలే.

ఆ రాత్రి టీవీల ఇక్కడి హోం మంత్రి షబానా మహమూద్ చెప్పిన కొత్త రూల్స్. శరణార్థి హోదా ముప్ఫై నెలలకోసారి మళ్ల చూస్తరంట, అక్రమంగ వచ్చినోళ్లకు స్థిర నివాసానికి ఇరవై ఏండ్లంట. మా రూమ్మేట్ లొల్లి: "మనం ఇరవై లక్షల అప్పుతోటి వీసా మీద వచ్చినం, వాళ్లు పడవెక్కి వస్తరా?" వాని బాధ నిజమే, వాళ్ల నాయిన రెండెకరాలు అమ్మిండు. కానీ ఆ పొలం కాకా అమ్మించలేదు గదరా!

నువ్వు కూడ ఫోన్ల "రువాండాకు తోలాల్సింది" అన్నవ్. ఆశ్రయం అడిగినోళ్లను ఆఫ్రికాల ఉన్న రువాండాకు పంపాలని ఇక్కడి పాత సర్కారు పథకం పెట్టింది గదా. 2022 జూన్‌ల మొదటి విమానాన్ని స్ట్రాస్‌బర్గ్‌ల ఉన్న యూరప్ మానవ హక్కుల కోర్టు ఆపింది. 2023 నవంబర్‌ల ఇక్కడి సుప్రీంకోర్టు చట్టవిరుద్ధమన్నది. 2024ల లేబర్ పార్టీ సర్కారు వచ్చి బంద్ పెట్టేనాటికి అయిన ఖర్చు 70 కోట్ల పౌండ్లు. పోయింది నలుగురు, వాళ్లు కూడ ఇష్టపడి పోయినోళ్లే. తోలుడంటే గంత అలకగనా?

2025 ఫిబ్రవరిల అమెరికా మిలిటరీ విమానం 104 మంది మనోళ్లను సంకెళ్లతోని అమృత్‌సర్‌ల దింపిననాడు, రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసినవ్. యాదికుందా? అప్పుడు వాళ్ల కాగితాల గురించి ఒక్కమాట అడగలే. మా చిన్నాయిన దుబాయ్‌ల ఖల్లివెల్లి (కాగితాలు లేని పనోడు) అయి నాలుగేండ్లు దాక్కొని పనిచేసిండు. 2018ల అక్కడి సర్కారు ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) పెడితెనే గదా ఊరు చూసిండు. పోలీసు బండి కనవడితె ఇప్పటికీ చాటుకు జరుగుతడు. మనింట్ల మనిషి అయితె ఒక లెక్క, కాకా అయితె ఇంకో లెక్కనా?

న్యాయంగ విని కాదన్నంక వాపసు పోవాల్సిందే, నేను వద్దంటలే. కానీ అప్పీలుకు పోయినోళ్లల్ల మస్తుమంది గెలుస్తున్నరు. అంటే మొదటిసారి సరిగ ఇన్నట్టేనా? ఏండ్లకేండ్లు సంచి పట్టుకొని తిరుగుడు ఏం శిక్ష? కెన్‌మ్యూర్ స్ట్రీట్ మాకు నడిచిపోయేంత దూరమే. 2021 మే 13నాడు ఇమిగ్రేషనోళ్లు ఇద్దరు ఇండియన్లను పట్టి బండెక్కిస్తే, వాడకట్టోళ్లు ఎనిమిది గంటలు బండిని కదలనియ్యలే, ఒకాయన కిందనే పండుకున్నడు. ఆఖరికి వాళ్లను వదిలేసిన్రు. నేనైతే మంగళవారం వానల నిలవడి తాళంచెవి పట్టుకోవుడు తప్ప ఏమీ...

డ్యూటీ బస్సు వచ్చే టైమైంది. మళ్ల మంగళవారం సంతకం ఉంది, సెలవు అడిగిన, ఇంక చెప్పలే. లచ్చక్కకు దండం చెప్పు.

నీ
రాజు