మీ హార్మోనియాలు లేటవడానికి అసలు కారణం

బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపుల నుంచి మా కొట్టులో రిపేరుకి పెట్టెలు ఇచ్చినవాళ్లందరికీ. ముందు తప్పు ఒప్పేసుకుంటాను. పదకొండు హార్మోనియాలు, రెండు కీబోర్డులు చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయాను. కొందరితో రీడ్లు (స్వరం పలికే ఇత్తడి రేకులు) రాలేదన్నాను, కొందరితో కుర్రాడు సెలవులో ఉన్నాడన్నాను. రీడ్లు వచ్చి నెల దాటింది, కుర్రాడు రోజూ వస్తూనే ఉన్నాడు. కారణం వెనక గదిలో ఉన్న వైబ్రాఫోన్, అంటే లోహపు పట్టీల్ని కర్రలతో కొట్టి వాయించే వాద్యం.

రీడ్ల కోసం కలకత్తా వెళ్లినప్పుడు లాల్‌బజార్ దగ్గర ఒక పాత కొట్టులో మూలన గుడ్డ కప్పి ఉంటే చూశాను. జాజ్ పిచ్చి నాకు ముందు నుంచీ ఉంది, ఆగలేకపోయాను. మొన్న భజన మండలి పెద్దాయన తలుపు సందులోంచి చూసి "ఏటి బావూ, మా పెట్టె అడిగితే ఈ ఇనప మంచం చూపిస్తావు" అన్నారు. ఇనుము కాదండీ, అల్యూమినియం. పియానో మెట్ల వరసలో 37 పట్టీలు, అంటే మూడు స్థాయిలు. ఒక్కో పట్టీ కింద అడుగు మూసిన గొట్టం, గొట్టం మూతి దగ్గర చిన్న బిళ్ల. మోటారు ఆ బిళ్లల్ని తిప్పుతుంటే గొట్టాలు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి, నాదం అలలా ఊగుతుంది.

నా దగ్గరికి వచ్చేసరికి మోటారు బెల్టు తెగిపోయి ఉంది. కుట్టుమిషను బెల్టు వేస్తే అతికినట్టు సరిపోయింది. పట్టీల్ని మోసే తాడు కూడా చివికిపోయింది. దాన్ని మార్చడానికి ఒక రాత్రంతా పట్టింది కానీ అప్పుడే ఒక సంగతి కళ్లారా చూశాను: పట్టీకి రెండు చివర్ల నుంచి సుమారు 22 శాతం దూరంలో కన్నాలుంటాయి, ఎంత గట్టిగా కొట్టినా ఆ రెండు చోట్లా పట్టీ కదలదు, అందుకే తాడు అక్కడే పోతుంది. పట్టీని ఇంకెక్కడైనా పట్టుకుని కొట్టి చూడండి, రేకు డబ్బా చప్పుడే.

ఇక సాధన. ముప్పై ఏళ్లుగా నా పని గాలి పోకుండా చూడటం, స్వరం ఆగిపోకుండా చూడటం. హార్మోనియంలో వేలు తీస్తే స్వరం ఆగిపోతుంది, దీంట్లో మనం ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. కింద పెడల్ నొక్కితే పట్టీలన్నీ మోగుతాయి, వదిలితే మెత్తటి ఫెల్ట్ గుడ్డ వచ్చి అన్నిటినీ ఒకేసారి ఆపేస్తుంది. ఒక్క స్వరాన్నే ఆపి మిగతావి మోగనివ్వాలంటే, కుడిచేత్తో కొత్త స్వరం కొట్టే క్షణంలోనే ఎడమచేతి మ్యాలెట్ (కొట్టే కర్ర) తలని పాత పట్టీ మీద మెత్తగా ఆనించాలి. కాస్త గట్టిగా ఆనిస్తే అదీ టక్కుమంటుంది. నెల రోజులుగా ఇదే చేస్తున్నాను, పక్కన మీ పెట్టెలు పడి ఉన్నాయి.

లయొనెల్ హాంప్టన్ అసలు డ్రమ్మర్, 1930లో ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగులో దీన్ని వాయించాకే జాజ్‌లో దీనికి చోటు దొరికింది. మిల్ట్ జాక్సన్ మోటారు వేగం బాగా తగ్గించి, పాడే గొంతులా ఊగించాడు. నాకు అందరికన్నా ఆయనే ఇష్టం. గ్యారీ బర్టన్ నాలుగు మ్యాలెట్లు పట్టుకుని, మోటారు ఎక్కువగా ఆపేసే వాయించేవాడు. నాకు రెంటితోనే చెమటలు పడుతున్నాయి, నాలుగు సంగతి తర్వాత.

సరే, ఇక నుంచి పగలు వెనక గదికి తాళం, వాయించుకోవడం రాత్రి ఎనిమిది తర్వాతే. లేటైన పెట్టెలకి శ్రుతి చేసిన కూలి తీసుకోను, రీడ్ల డబ్బు మాత్రం ఇవ్వండి. వైబ్రాఫోన్ అమ్మకానికి కాదు, దయచేసి రేటు అడగొద్దు. ఏడు పెట్టెలు శుక్రవారానికి రెడీ, చీటీ తెచ్చుకోండి. బెల్లోస్ (గాలితిత్తి) పని ఉన్న నాలుగింటికి ఇంకో వారం పడుతుంది, ఈ తేమకి జిగురు ఆరడం లేదు. ఈసారి ఇది నిజమే.