జిల్లా విద్యాధికారి గారికి, ఒక తెలుగు విద్యార్థిని నుంచి

సార్, నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురం దగ్గర సిస్టర్లు నడిపే కాథలిక్ స్కూల్లో పదో తరగతి చదువుతున్నాను. మేము హిందువులమే, అయినా డిసెంబర్ వచ్చిందంటే క్రిస్మస్‌కి పశువుల పాక కట్టే పని నాదే: వెదురు బద్దలు, వరిగడ్డి, ముందు వారమే కొబ్బరి చిప్పల్లో చల్లిన రాగుల మొలకలు (నీళ్ళు ఎక్కువైతే కుళ్ళిపోతాయి, అప్పుడు సిస్టర్ మొహం చూడాలి!). మొలకలు వెలుతురు వైపు ఎందుకు వంగుతాయో నాకు అక్కడే బుర్రకెక్కింది, పరీక్షలో ఆ ప్రశ్న వస్తే టెన్షన్ లేకుండా రాసేశాను. తోటపని ఉంది, పాటలున్నాయి, ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ పాడతాం.

తెలుగు మాత్రం లేదు సార్. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే, కానీ శ్రీకాకుళం నుంచి శుభలేఖ వస్తే చదవడానికి నాన్న రావాల్సిందే. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యాలు కల్పించాలంటుంది. నాకెలాగూ ఆ దశ దాటిపోయింది, మా తమ్ముడు ఇంకా రెండో తరగతే. గది ఇస్తామని స్కూలు వాళ్ళన్నారు. వారానికి రెండు పీరియడ్లకైనా ఒక తెలుగు టీచర్ని పంపించండి సార్, వేసవి సెలవుల్లోపే చెప్తే పుస్తకాలు మేమే తెప్పించుకుంటాం.